పిల్లి కచేరి: ఇరువురు వియ్యంకుల సంవాదము

ఖరగ్‌పూరు రైల్వే పట్టణమునందలి నిమ్‌పురాలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. బెంగాల్ నాగపూర్ రైల్వే నాళ్లలో శ్రీకాకుళ విజయనగర ప్రాంతములనుండి కొలువునకై తరలివచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేడక్కడ ఇంట తెలుగును, వీధిలో హిందీ బెంగాలీలను మాటాడుకొనుచు బ్రదుకుచున్నారు. అట్టి యొక యింటి వరండాలో ఇరువురు వియ్యంకులు కూర్చుండియుండిరి. ఒకరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. రెండవవారు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవారు. లోపలి గదిలో వారి మనుమలు ‘ది క్యాట్ కాన్‌చెర్టో’ యను టామ్ అండ్ జెర్రీ కార్టూను చిత్రమును చూచుచు పొట్టచెక్కలగునట్లు నవ్వుచుండిరి. ఆ నవ్వు మంచిదా, కాదా యని వారిరువురకును వాదము పుట్టినది.

మాస్టారు: బావగారూ, పిల్లలు నవ్వుట నాకును వేడుకయే, కాని దేనిని చూచి నవ్వుచున్నారో తలచుకొన్నపుడు మనసు చివుక్కుమనుచున్నది. పియానో మూత పడి పిల్లి వ్రేళ్లు నలుగును. సుత్తుల దెబ్బలు తిని యెలుక విలవిలలాడును. ఎలుకలబోనులో వ్రేలు చిక్కుకొనును. దెబ్బకొక నవ్వు! ఒరుల బాధను చూచి నవ్వుట నేర్చిన బిడ్డ రేపు బడిలో కుంటివానిని చూచి నవ్వడని పూచీ యేమున్నది? భరతుడు హాస్యమును ఆఱు విధములుగా విభజించి, స్మితహసితములు ఉత్తములకును, విహసితోపహసితములు మధ్యములకును, అపహసితాతిహసితములు అధములకును చెల్లునని చెప్పెను. లోపల వినవచ్చుచున్న నవ్వు ఆ మూడవ తెగలోనిదే.

ఫిట్టరు: శాస్త్రము తమకు తెలిసినంత నాకు తెలియదు, నాకు తెలిసినది పని. ఆ కంటితోనే నేనీ చిత్రమును చూచెదను. మొదట పొడవుకోటు తొడిగిన పిల్లి రంగస్థలముపైకి ఠీవిగా నడచివచ్చి, సభకు వంగి నమస్కరించి, పియానో ముందు కూర్చుండి, చేతులెత్తి, మొదటి స్వరములను గంభీరముగా మ్రోగించును. వాయించునది ఫ్రాంజ్ లిస్ట్ 1847లో కూర్చిన రెండవ హంగేరియన్ రాప్సొడీ. ఆ పియానో లోపల, తంత్రులను కొట్టెడి సుత్తుల మీద ఒక చిట్టెలుక నిద్రించుచుండును. సుత్తి లేచినపుడెల్ల అది యెగిరిపడును. ఇందులో తప్పెవరిది? ఒకరి పని యొకరి నిద్రకు అడ్డమైనది, అంతియే. రాత్రి డ్యూటీ చేసివచ్చి, పట్టపగలు షంటింగు చప్పుడు నడుమ పండుకొనిన మన నిమ్‌పురా వారికి ఆ యెలుక కోపము ఒకరు చెప్పవలెనా? ఇక పిల్లి సంగతి. అది లేచి యెలుకను తరుమలేదు, ఏలయన సభ యెదుట కచేరి నడచుచున్నది. మొగమున పెద్దమనిషి తరహా చెదరనీయక, ఒక స్వరమునకును మరియొక స్వరమునకును నడుమ దొరకిన సందులో ఎలుకను వ్రేలితో చిమ్మివేయును. పని నాపరాదు, కోపము నాపుకొనలేడు. ఈ రెంటి నడుమ చిక్కినవాని యవస్థకు పిల్లలు నవ్వుచున్నారు. దెబ్బ ఆ యవస్థకు ముగింపు మాత్రమే.

మాస్టారు: అవస్థ యనుడు, బాధ యనుడు, పేరు మారినంతమాత్రమున వస్తువు మారదు. అది యటుండనిండు. లిస్ట్ వంటి మహావిద్వాంసుని కృతిని ఎలుక పరుగులకు తాళముగా వాడుకొనుట అపచారము కాదా? మన పెద్దలు విజయనగరపు గాలి పీల్చి వచ్చినవారు. ఆ నగరమున 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. తరువాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ స్థానము నలంకరించిరి. ద్వారంవారు కమాను పట్టి రాగము తీయుచుండగా ఒక యెలుక తీగల మీద గంతులిడినట్లు ఎవరైనను బొమ్మ గీసినచో, తమరు సహింతురా?

ఫిట్టరు: రాగము చెడినచో సహింపను. ఇక్కడ రాగము చెడలేదు. ఈ చిత్రపు గొప్పయంతయు అందే యున్నది. ఎలుక పియానో మెట్ల క్రింద దూరి పరుగిడినపుడు పైనున్న మెట్లు వరుసగా లేచి పడుచు స్వరములనే పలుకును. కొనయందున్న మెట్టును నొక్కుటకు పిల్లి వ్రేలు చాచగా, అక్కడ ఎలుక కత్తెర విప్పి కాచుకొనియుండును. కత్తెర మూయునంతలో వ్రేలు తప్పించుకొనును. పాట మరల ఆ స్వరమునే కోరును, వ్రేలు మరల చాచక తప్పదు. తుదకు ఎలుక అచ్చట బోనును అమర్చును, వ్రేలు దానిలో పడును. పాట కోరినది గనుకనే వ్రేలు పోయినది. లేనిచో పిల్లి దూరముగనే యుండును గదా! లిస్ట్ కృతి ఇందు కేవలము నేపథ్యము కాదు, కథను నడుపునది అదియే. నడుమ నొక ఘట్టమున ఎలుక సుత్తుల మీద నాట్యమాడుచు రాప్సొడీని ప్రక్కకు మరలించి, చిందులు త్రొక్కించెడి మరియొక పాటను పలికించును. అది ‘ఆన్ ది అచిసన్, టొపీకా అండ్ ది శాంటా ఫే’ అను పాట, అమెరికాలోని ఒక రైల్వే కంపెనీ పేరు మీద హ్యారీ వారెన్ స్వరపఱచి జానీ మెర్సర్ వ్రాసినది. ఎం.జి.ఎం. వారి ‘ది హార్వీ గర్ల్స్’ చిత్రములోని యా పాటకు 1946వ సంవత్సరపు ఆస్కారు లభించెను. ఎం.జి.ఎం. వారిదే యైన ఈ కార్టూనునకును ఆ సంవత్సరమునకే లభించెను. పెద్దకచేరి నడుమ రైలుపాట దూరినను, ఏ యతుకును కనబడకుండ మరల లిస్ట్ దగ్గఱకు చేరుట సామాన్యపు నేర్పు గాదు.

మాస్టారు: రైలుపాట వినబడినచో రైల్వేవాని మనసు కరుగుట సహజమే. కాని నేర్పు వేఱు, దానిని వినియోగించిన ప్రయోజనము వేఱు. నారాయణదాసుగారు రెండు చేతులతోను, రెండు పాదములతోను, శిరస్సుతోను అయిదు తాళములను ఏకకాలమున నిర్వహించెడివారు. దానిని పంచముఖి యని లోకము కొనియాడినది. అది చూచిన సభ విస్మయమున మునిగెను గాని పకపక నవ్వలేదు. ఈ పిల్లియో, చేతులతో ఎలుకను పట్టబోవుచు, కాళ్లతో పియానో వాయించును. అవయవముల నేర్పు రెండుచోట్లను ఉన్నట్లే తోచును; ఒకచోట దాని ఫలము అద్భుతరసము, వేఱొకచోట కోతిచేష్ట. ఈ రెంటిని ఒకే త్రాసున తూచుట నాకు సమ్మతము గాదు.

ఫిట్టరు: అద్భుతమునకును నవ్వునకును అంత యెడము లేదు, బావగారూ. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రమున ఘటోత్కచుడైన ఎస్.వి. రంగారావు కూర్చుండియుండగా లడ్డూలు తమంతట తామే యెగిరివచ్చి నోటిలో పడుట చూచి మనవారు ఆశ్చర్యపడిరా, నవ్విరా? రెండును ఒక్క గ్రుక్కలో జరిగినవి. ఆ మాయ వెనుక మార్కస్ బార్ట్‌లే కెమెరా సాధన యున్నది. ఈ పిల్లి వెనుకనున్న సాధనను గూడ లెక్కవేసి చూతము. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పరుగిడును. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు నిలిపినను సెకనుకు 12 బొమ్మలు కావలెను. వేగమైన కదలికకు 24 కావలెను. ఏడు నిమిషములకు ఫ్రేములు 10,080. విలియమ్ హ్యానా, జోసెఫ్ బార్బెరా దర్శకులు. స్కాట్ బ్రాడ్లీ సంగీతము సమకూర్చెను. కెన్నెత్ మ్యూస్, ఎడ్ బార్జ్, ఇర్వెన్ స్పెన్స్ మొదలగువారు బొమ్మలకు ప్రాణము పోసిరి. తాళపు దెబ్బ యే ఫ్రేము మీద పడవలెనో ముందే లెక్కగట్టుకొని, ముఖ్యమైన భంగిమలను యానిమేటరు గీయగా, నడిమి భంగిమలను సహాయకులు పూరింపగా, ఒక్కొక్క గీతను పారదర్శకమైన సెల్యులాయిడు పలకపై సిరాతో తిరుగవ్రాసి, వెనుకవైపున రంగులు పులిమి, ఆ పలకను రంగస్థలపు చిత్రముపై నుంచి ఒక్కొక్క ఫ్రేముగా కెమెరా క్రింద తీయవలెను. వర్క్‌షాపులో థౌ అందుము గదా, అంగుళములో వేయవవంతు. అట్టి థౌలు కొన్ని హెచ్చుతగ్గులైనను బేరింగు వేడెక్కి బండి నిలిచిపోవును. ఇందునను అంతియే. వ్రేలు మెట్టుమీద పడుట రెండు మూడు ఫ్రేములు వెనుకబడినచో చెవికిని కంటికిని పొత్తు చెడును, నవ్వు చచ్చును. ఇంత ఖచ్చితమైన పనిని కోతిచేష్ట యనుటకు నాకు నోరాడదు.

మాస్టారు: తాము వర్ణించినది ఫ్యాక్టరీ. కవిత్వము ఫ్యాక్టరీలో పుట్టదు. నిదర్శనము కావలెనా? అదే కాలమున వార్నర్ బ్రదర్స్ సంస్థలో ఫ్రిజ్ ఫ్రెలెంగ్ అను దర్శకుడు ‘రాప్సొడీ రాబిట్’ అను కార్టూనును తీసెను. అందునను అదే లిస్ట్ కృతి, అదే పియానో, అదే యెలుక. పిల్లికి బదులు బగ్స్ బన్నీ యను కుందేలు. మీరు మా సొమ్ము దొంగిలించితిరని రెండు సంస్థలును ఒకదానినొకటి నిందించుకొనినవి. సొంత భావన యున్న చోట ఇట్టి రచ్చ పుట్టునా?

ఫిట్టరు: ఉషాపరిణయ కథను మనవారెందఱు యక్షగానములుగా వ్రాయలేదు? కథ యొకటియే యైనందున కవులందఱును దొంగలైరా? ఎవడెట్లు చెప్పెనో చూడవలెను. ఆ కుందేలు కచేరి నడుమ ఫోను మ్రోగగా దానిని తీసి చమత్కారముగా మాటాడును, ప్రేక్షకునితో చనువు నెఱపును. తాను విదూషకుడనని దానికి తెలియును. మన పిల్లి ఒక్క పలుకైనను పలుకదు. తాను విద్వాంసుడనని అది నిండుమనసుతో నమ్మినది. అందువలననే దాని మౌనము బరువైనది, దాని పాటు మనలను పట్టి లాగును. ఒకే వస్తువు రెండు చేతులలో రెండు రసములనిచ్చుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఇక ఫ్యాక్టరీ మాట. పదిమంది కలిసి చేసిన పనిలో ప్రాణముండదనుట ఇంజనుపని చేసినవాడు ఒప్పుకొనడు.

మాస్టారు: సరే, పనిని ఒప్పుకొందము. ఆ పని యెవరిని నొప్పించినదో గూడ చూడవలెను గదా. ఈ చిత్రమాలలోనే నల్లజాతి స్త్రీని పనికత్తెగా, వెక్కిరింపు యాసతో మాటాడు హాస్యపాత్రగా చూపిన కార్టూనులు పెక్కు గలవు. మందు ప్రేలినపుడు ముఖము నల్లనై ఒక జాతి రూపమును హేళన చేయు ఘట్టములును గలవు. బొమ్మ చూచి నవ్వుటకు అలవడిన పిల్లవానికి ఆ నవ్వెక్కడ ఆగవలెనో ఎవరు నేర్పుదురు? బొమ్మలే కావలెనన్నచో మన ఫిల్మ్స్ డివిజన్ వారు 1957లో తీసిన ‘ది బన్యన్ డీర్’ ఉన్నది. జాతకకథ, తోడి లేడిని బ్రదికించుటకు తన ప్రాణమొడ్డిన మృగరాజు కథ. అది చూపింపుడు.

ఫిట్టరు: ఆ వెక్కిరింపులను నేను వెనుకవేసికొని రాను. అవి తప్పు, పిల్లలకు తప్పని చెప్పియే చూపవలెను, లేదా చూపకుండుటయే మేలు. ఈ పియానో చిత్రమున అట్టిది లేదు గనుకనే దీనిని ఎన్నుకొని మెచ్చుచున్నాను. హ్యానా, బార్బెరాలు 1940 మొదలు 1958 వఱకు తీసిన 114 చిత్రములను ఒక్కమూటగా మోయుట నా యుద్దేశము గాదు. లేడికథ నాకును ప్రియమే. కాని ఆ లేడిని నడిపించుట మనవారికి నేర్పినదెవరు? డిస్నీ స్టూడియోలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ అను యానిమేటరు 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి మన చిత్రకారులకు శిక్షణ నిచ్చెను. మన యానిమేటరు రామ్‌మోహన్ అట్లు తయారైనవాడే. హాస్యమునకు పిల్లిని పరుగెత్తించిన విద్యయే కరుణకు లేడిని నడిపించినది. మన తోలుబొమ్మలాటలో మాత్రము? రామాయణము నడుచుచుండగా కేతిగాడును, బంగారక్కయు, జుట్టుపోలిగాడును తెరమీదికి దూకి ఒకరినొకరు బాదుకొనలేదా? మన అమ్మమ్మలు నవ్వలేదా? పలుచన చేసిన తోలుపై రంగులద్ది, వెనుక దీపము వెలిగించి ఆడించిన బొమ్మకును, పారదర్శకమైన పలకపై రంగులద్ది, వెలుతురుతో తెరపై నాడించిన బొమ్మకును నాకు చుట్టరికము కనబడుచున్నది.

మాస్టారు: చుట్టరికము చెప్పితిరి, భేదమును నేను చెప్పెదను. కేతిగాడు గంతులిడి పోయిన పిమ్మట తెరమీద మరల రాముడు నిలుచును. ఆ నవ్వునకు ముందును వెనుకను ధర్మము కాపున్నది. మఱియు, ఆట ముగిసినపుడు బొమ్మ నాడించినవాడు తెర వెనుకనుండి వచ్చి ఊరి యెదుట నిలుచును. ఆతని పేరు, ఆతని తండ్రి పేరు ఊరెఱుగును. నిమ్మలకుంట గ్రామమున నేటికిని ఆ తోలుబొమ్మలాట కుటుంబములను జనులు గుర్తెఱిగి గౌరవించుచున్నారు. ఈ కార్టూనునకు వచ్చిన ఆస్కారు ప్రతిమను అందుకొనినది నిర్మాత ఫ్రెడ్ క్విమ్బీ. బొమ్మ గీసినవాడు గాడు, దర్శకుడైనను గాడు. తాము ఇంతసేపు కీర్తించిన సిరాపని, రంగులపని ఆ స్టూడియోలలో చేసినవారు ఎక్కువమంది స్త్రీలు. వారి పేర్లు తెరమీద ఎక్కడనున్నవి? 1957లో ఎం.జి.ఎం. కార్టూను విభాగమును మూసివేసినపుడు ఆ చేతులన్నియు చెదరిపోయెను. పనిని మెచ్చుకొను తాము పనివారిని మఱచిన చిత్రమును ఎట్లు మెచ్చుకొందురు?

ఫిట్టరు: ఈ మాటకు నా దగ్గఱ ఎదురు లేదు. ప్రతిమ యొకరికి, పని వేఱొకరిది. వర్క్‌షాపులో బ్రదికినవానికి దాని చేదు తెలియును. కాని, బావగారూ, ఆ చిత్రపు తుది ఘట్టమును తలచుకొనుడు. దెబ్బలు తిన్న యెలుక సుత్తులను విఱిచి చేతబట్టి తంత్రులను స్వయముగా మోదుచుండును. వెలుపల పిల్లి ఆ వేగమునకు అందుకొనలేక, కోటు చెదరి, జుట్టు రేగి, ముగిసినదనుకొన్న పాట మరల మొదలగుచుండగా చేతులాడించుచునే యుండును. తుదిస్వరము మ్రోగగానే పిల్లి కూలిపోవును. సభ కరతాళములు చఱచును. దీపపు వెలుగు ఎలుక మీద నిలుచును. అది వంగి నమస్కరించును. ఇప్పుడు చెప్పుడు, ఆ కచేరి చేసినదెవరు?

మాస్టారు: మొదటి భాగము పిల్లి, తుదిభాగము, న్యాయముగా చెప్పినచో, ఎలుక. అంతయు ఇరువురిదియును.

ఫిట్టరు: కాని సభ యే క్షణమునందును ఇరువురను గుర్తింపలేదు. మొదట పిల్లినే చూచెను, లోపల ఎగిరిపడుచున్నవానిని ఎఱుగదు. తుదకు ఎలుకనే చూచెను, కూలినవానిని మఱచెను. ఇరువురి పాటును ఆదినుండి తుదివఱకు కనిపెట్టినవారము మనమొక్కరమే. ఆ బొమ్మలాట మనకు కట్టబెట్టిన పెద్దఱికము అది. వెలుగు ఎవరిమీద పడినదో చూచి కరతాళము చఱచువాడు లోపలి సభలోనివాడు. చేయి ఎవరిదో చూచినవాడు బయటి సభలోనివాడు. తాము ఇప్పుడు అడిగిన ప్రశ్న బయటి సభవారడుగవలసిన ప్రశ్నయే. క్విమ్బీ చేతిలోని ప్రతిమను దాటి, సిరా గీత గీసిన స్త్రీల చేతులను తలచుకొనుట ఈ చిత్రము చూచినవాని ఋణము. ఆ ఋణము తీర్చుకొనగోరువానికి ఈ చిత్రము తోడుపడునే గాని అడ్డుపడదు.

మాస్టారు: ఇట్లు చూచువారు నూటికొక్కరుందురేమో. మన పిల్లలు దెబ్బకు నవ్వి లేచిపోవుదురు. స్మితమే హాస్యమున ఉత్తమమైనదను నా మాటను నేను విడువలేదు. వేయిమారులు చూచినను ఈ బొమ్మలో నాకు మందహాసము పుట్టదు. అయినను చిత్రమునందు లేనిదానిని చూచువాడు చేర్చవచ్చునని తమరనుచున్నారు గనుక, ఆ చేర్పును మనమే చేయుదము. నాకొక నియమమున్నది. పిల్లలు మొదటిసారి నవ్వుకొననిండు. రెండవసారి చూచునపుడు మనమిరువురమును ప్రక్కన కూర్చుండి, పిల్లి మొగమును విడిచి దాని వ్రేళ్లను చూడుమని చెప్పుదము. తమరు ఫ్రేముల లెక్క చెప్పుడు. నేను పంచముఖి కథ చెప్పెదను. ప్రేక్షకుడు మెచ్చుకొనుటకు కన్నుమాత్రమే చాలదు, సాధన యననేమో తెలిసియుండవలెను.

ఫిట్టరు: ఒప్పుకొంటిని. దానికి తోడు ఒక పని గూడ చేయింతము. ఒక్కొక్క పిల్లవానికి ఒక నోటుపుస్తకమిచ్చి, పుట మూలలయందు 24 బొమ్మలు వ్రాయింతము. ఎగిరిపడు బంతి యైనను చాలును. సెకనుకు 12 చొప్పున లెక్కించినచో అవి రెండు సెకనులు. పుటలు జాఱవిడిచి చూచుకొన్నపుడు బంతి ఎక్కడ తడబడెనో, ఏ బొమ్మ తప్పెనో వారికే తెలియును. మరల చెఱిపి మరల వ్రాయుదురు.

మాస్టారు: అది మంచి పాఠము. రెండు సెకనుల నవ్వునకు పట్టు శ్రమను తన చేతితో ఎఱిగినవాడు ఒరుల చేతిపనిని చులకనగా చూడడు. ఒరుల వ్రేలు నలిగినపుడు దాని విలువ యెంతయో ఆలోచింపకుండను ఉండడు. హాస్యము విషయమున మనకు భేదమున్నను, ఈ శిక్షణ విషయమున లేదు. పుస్తకములు నేను కొని తెచ్చెదను. పెన్సిళ్లు చెక్కుట తమ వంతు.